సత్రంలో మూడో రాత్రి

మూకుట్లో వేగుతున్న పల్లీల్లోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుని, "ఈసారి నువ్వు గూడ రా" అన్నాడు లింగస్వామి.

స్వరూప చేతిలో గరిటె ఆగిపోయింది. కల్వకుర్తిలో జూనియర్ కాలేజీ లెక్చరర్లు కొందరు కలిసి పెట్టుకున్న నడక బృందానికి అతను పదేళ్లుగా పెద్ద. ఏడాదికి రెండు మూడు సార్లు నల్లమల గుట్టల్లోకి పోతారు. పోయిన ప్రతిసారీ ముందురోజంతా ఆమెకు పొయ్యి దగ్గరే తెల్లారి పొయ్యి దగ్గరే పొద్దుగూకుతుంది. మూడు దినాలు నిలువుండే కడక్ జొన్నరొట్టెలు, పల్లీల పొడి, కారం, చింతపండు, ఉప్పు దగ్గర్నుంచి అన్నీ మూటలు కట్టాలి. తిరిగొచ్చాక బురద బట్టలు ఉతకాలి, ముళ్లు దిగిన కాళ్లకు వేడినీళ్లు పెట్టాలి. కొండ ఎట్లుందో మాత్రం అతని ఫోన్‌లో ఫోటోల్లోనే చూసేది. రమ్మని ఎన్నడూ అన్నది లేదు.

"నేనా?"

"వంటకొచ్చే ఎల్లేశానికి జరమొచ్చింది. ఇంకెవలు దొర్కలే. ఎట్లయిన గుట్టలల్ల తిరిగినదానివేనాయె నువ్వు."

మొదటి మాట చెవిలో పడకపోలేదు. కానీ ఆమె మనసు చివరి మాటనే పట్టుకుంది. గుట్టలల్ల తిరిగినదానివి. ఈ ఇంట్లో ఇరవై రెండేళ్లలో ఆ సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఆమె బాపు జానయ్యకు రెండు వందల గొర్లుండేవి. ఎండకాలం ఊళ్లో గడ్డిపరక మిగలదు, బాయిల్లో నీళ్లు అడుగంటుతాయి. అప్పుడు మందను తోలుకుని నల్లమలకు పోయేవాడు. వంట చేసిపెట్టడానికి అని ఎనిమిదేళ్ల స్వరూపను వెంట తీసుకుపోయాడు గానీ, రెండో ఏటికే ఆమె చంకలో గొర్రెపిల్ల, చేతిలో కట్టెతో మందకు ముందు నడిచేది. గుండ్ల కింద, గవుల్లో పండుకునేవాళ్లు. కింద రాయి రాత్రంతా వెచ్చగా ఉండేది. ఐదేళ్లు అట్లా తిరిగింది. పెద్దమనిషి అయిన ఏడు, అవ్వ బక్కమ్మ గడపలో నిలబడి, "ఇగ సాలు. ఆడివిల్ల గుట్టలల్ల పండుడేంది" అన్నది. ఆ సంవత్సరం మంద పోతుంటే గొర్ల మెడల్లో గంటలు ఊరవతలకి పోయి వినపడకుండా అయ్యేదాకా స్వరూప వాకిట్లోనే కూర్చుంది.

లింగస్వామి వాళ్లదీ గొర్ల ఇల్లే. అతను చదువుకున్నాడు, కొలువు తెచ్చుకున్నాడు. కాలేజీలో ఎవరన్నా అడిగితే "మాది వ్యవసాయం" అంటాడు. జానయ్య ఒకసారి గొంగడి భుజాన వేసుకుని ఇంటికొస్తే, అదే టైముకు వచ్చిన ప్రిన్సిపాల్ నరహరి సార్‌కు "మా ఊరాయన" అని చెప్పాడు. బాపు చాయ్ తాగి, గ్లాసు కడిగి పెట్టి, పోయాడు.

రెండు రాత్రులు కోడలు ఇంట్లో ఉండదనేసరికి అత్త బీరమ్మకు ముద్ద దిగలేదు. "ముసల్దాన్ని ఇడిసిపెట్టి గుట్టలెక్కుతదంట. బిడ్డను గూడ తోల్కపోతదంట. ఈ వయసుల గదొక షోకు" అని పక్కింటామెకు వినపడేట్టు అన్నది. స్వరూప అత్తకు మూడు రోజుల గోలీలు పూటకో గిన్నెలో పెట్టి, వేళకు బువ్వ తెచ్చిపెట్టమని పక్కింటామెను బతిమాలి, శుక్రవారం తెల్లారి నాలుగింటికి లేచి ఇల్లు ఊడ్చి బయల్దేరింది. దసరా సెలవులు ఇంకో రెండు రోజుల్లో అయిపోతాయి. సోమవారం కాలేజీ తెరుస్తారు.

మొత్తం తొమ్మిది మంది. లింగస్వామి, నరహరి సార్, కెమిస్ట్రీ చెప్పే కుర్ర లెక్చరర్ నవీన్‌కుమార్, కొత్తగా వచ్చిన సింధూజ మేడం, ఇంకో ముగ్గురు లెక్చరర్లు, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న లింగస్వామి బిడ్డ సుస్మిత, స్వరూప. నల్లమల మీంచి మల్లన్న దగ్గరికి నడిచిపోయే యాత్రికుల కోసం వెనకటికి ఎవరో పుణ్యాత్ములు కట్టించిన రాతి సత్రాలు ఆ దారిలో రెండున్నాయి. ఒకటి గుట్ట నడుమ, ఒకటి గట్టు మీద. ఇప్పుడు వాటికి రేకులు కప్పి, తలుపులు పెట్టి, గుట్టలెక్కేవాళ్లకు రాత్రిపూట పండుకోవడానికి ఇస్తున్నారు. శుక్రవారం రాత్రి మొదటి సత్రం, శనివారం రాత్రి రెండోది, ఆదివారం పొద్దున అవతలి వైపు దిగి, వాగు దాటితే రోడ్డు. అక్కడికి కిరాయి జీపు వస్తుంది.

అందరి వీపుల మీదా వాళ్ల వాళ్ల సంచులున్నాయి. బియ్యం, గిన్నెలు, నూనె డబ్బా స్వరూప వీపు మీద ఉన్నాయి. మొదటి సత్రం చేరేసరికి పొద్దు గుంకుతోంది. అందరూ బూట్లు విప్పి అరుగు మీద కాళ్లు చాపుకున్నారు. స్వరూప మూడు రాళ్లు చూసి పొయ్యి పెట్టింది. సింధూజ మేడం వచ్చి, "ఉల్లిగడ్డలు నేను కోస్తానండీ" అని కత్తి అందుకోబోయింది.

"అయ్యో మీరెందుకు మేడం, కూసోండ్రి. అది చూస్కుంటది" అన్నాడు లింగస్వామి.

మేడం చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంట్లో ఆ మాట స్వరూప రోజుకు పదిసార్లు వింటుంది. అది తెస్తది, అది పోతది, దాన్ని అడుగు. ఎప్పుడూ పట్టించుకోలేదు. గుట్ట మీద, గాలిలో, కొత్త మనిషి ముందర, ఆ మాట ఆమెకు కొత్తగా వినపడింది. వీపు మీద మోసుకొచ్చిన నూనె డబ్బానూ 'అది' అంటారు, నన్నూ 'అది' అంటారు అనుకుంది. అనుకుని, ఉల్లిగడ్డలు తనే కోసుకుంది. తిండ్లయ్యాక లింగస్వామి అందరినీ బండ మీద కూర్చోబెట్టి చుక్కల పేర్లు చెప్పాడు. ఊట దగ్గర గిన్నెలు తోముతూ ఆమె కొన్ని విన్నది. తోమడం అయ్యేసరికి అందరూ లోపల పండుకున్నారు. తలుపు దగ్గర, బియ్యం సంచి పక్కన, ఒక మనిషి పట్టేంత జాగా వదిలారు. ఆ జాగాలోనే, తలుపు సందులోంచి వచ్చే అడవి వాసన పీల్చుకుంటూ, చాన్నాళ్ల తర్వాత ఆమె ఒక్క కల లేకుండా నిద్రపోయింది.

మర్నాడు గట్టు ఎక్కుతుంటే ఆమె కాళ్లకు ఏదో యాదికొచ్చింది. ఏ రాయి మీద బరువెయ్యాలో, ఎక్కడ ఒరిగి నడవాలో ఆమె చెప్పకుండానే అవి చూసుకున్నాయి. రొప్పు లేదు. వీపు మీద బరువు ఉన్నట్టే లేదు. ఒక మలుపు తిరిగి చూసుకుంటే తను అందరికంటే ముందుంది. కింద చెట్ల తలలు, దూరాన మబ్బు నీడ పాకుతున్న ఇంకో గుట్ట, తన ఊపిరి తప్ప చప్పుడు లేదు. ఆమెకు తెలియకుండానే నవ్వింది. వెనక నుంచి లింగస్వామి వగరుస్తూ వచ్చాడు.

"గంత ఉరుకుడెందుకు? నరహరి సార్ ఎనకబడ్డడు. నలుగుర్ల ఎట్ల నడ్వాలెనో తెల్వదా? గొర్లను తోలుతున్నవా?"

చివరి మాట గొంతు తగ్గించి అన్నాడు, ఎవరూ వినకుండా. స్వరూప పక్కకు జరిగి అందరినీ పోనిచ్చి, చివరన నడిచింది.

గట్టు మీది సత్రాన్ని చూసుకునేది పుష్పమ్మ, చెంచు మనిషి. యాభై దాటినా చువ్వలా ఉంది. స్వరూప వీపు మీంచి మూట తనే దించి, పట్టి చూసి, "గింత మోత నువ్వొక్కదానివే మోసినవా చెల్లె? కడమోళ్లకు ఈపులు లేవా?" అన్నది. స్వరూప నవ్వింది. ఆ మాటకు కళ్లలో నీళ్లు తిరగడం ఆమెకే వింతగా అనిపించింది. పుష్పమ్మ అడగకుండానే కట్టెలు తెచ్చింది, నీళ్లు తెచ్చింది. వంట సగం కాకముందే వాన మొదలైంది. రేకుల మీద తెల్లందాకా ఒకటే మోత.

ఆదివారం పొద్దున వాన తగ్గింది గానీ మంచు కమ్ముకుని ఉంది. లింగస్వామి ఆరింటికే అందరినీ లేపాడు.

"ఏడు గంటలకు నడ్వాలె. రేపు కాలేజీకి తనిఖీకి వస్తున్నరు. సార్ లేకపోతే బాగుండదు."

చాయ్ గ్లాసులు అందిస్తున్న పుష్పమ్మ తలెత్తింది. "పొద్దు నడినెత్తికొచ్చేదాంక వాగు దాటద్దు సారూ. మీదంగ, వాగు పుట్టేకాడ, గట్టిగ కొట్టింది వాన."

"పదేండ్ల సంది గీ తొవ్వల తిరుగుతున్న. నాకు తెల్వదా వాగు?"

స్వరూప గిన్నెలు అక్కడే వదిలి, బయటికి పోయి, గట్టు అంచున బండ మీద నిలబడింది. కింద ఏమీ కనపడటం లేదు, అంతా తెలుపే. కళ్లు మూసుకుని విన్నది. నీళ్ల హోరు ఉంది. దాని కింద ఇంకో చప్పుడు. ఇంటి మిద్దె మీద ఎవరో సందుగలు ఈడుస్తున్నట్టు, ఆగి ఆగి, దబ్బు దబ్బుమని. పదేళ్ల వయసులో ఒకసారి ఇట్లాంటి పొద్దునే బాపు ఆమెను రెక్క పట్టుకుని ఆపాడు. వాగు అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు బిడ్డా అది, ఆ చప్పుడు ఇనబడ్డప్పుడు మోకాలి బంటి నీళ్లున్నా కాలు పెట్టద్దు, రాయి కాలిరగ్గొడ్తది, నీళ్లు మనిషిని తీస్కపోతయి అన్నాడు. అప్పటికే దిగిన నాలుగు గొర్లు వాళ్ల కళ్ల ముందరే పోయాయి.

ఆమె లోపలికి వచ్చేసరికి సంచులు తయారుగా ఉన్నాయి. సుస్మిత నాయిన పక్కన కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటోంది.

"పుష్పమ్మ చెప్పింది నిజమే" అన్నది స్వరూప. "వాగుల రాళ్లు దొర్లుతున్నయి. గింత మంచుల గూడ ఇనబడుతాంది. మధ్యాన్నందాంక ఆగుదాం."

లింగస్వామి నవ్వాడు. "గొర్లకాడి ముచ్చట్లు కాలేజోళ్లకు చెప్పుతున్నవా?" అన్నాడు. అని, తన నోటి నుంచే గొర్ల మాట వచ్చిందని తెలిసి, అతని మొహం నల్లబడింది.

నరహరి సార్ ఒకసారి ఆమెను, ఒకసారి అతన్ని చూశాడు. "ఏమంటవ్ లింగస్వామీ? మీ మేడం చెప్తున్నరు గద."

ఆ మాటతో అతనికి వెనక్కి తిరిగే తోవ లేకుండా పోయింది. స్వరూపకు అది కనపడింది. ఇరవై రెండేళ్లుగా చూస్తున్న మొహం అది. తప్పని తెలిసినా నలుగురిలో ఒప్పుకోవడం కంటే ఏ గుంతలోనైనా దూకుతాడు. ఆ గుంతల్లో ఇన్నాళ్లూ ఆమె అతని వెనకే దూకింది, పైకి తీసింది, బురద కడిగింది. అతను లేచి సంచి తగిలించుకున్నాడు.

"రానోళ్లు ఉండుండ్రి. సుస్మితా, నడువు."

సుస్మిత లేచింది. స్వరూప పోయి తలుపు మధ్యన నిలబడింది. పాతకాలపు రాతి ద్వారం, ఇరుకు. ఒక మనిషి నిలబడితే ఇంకో మనిషి పోలేరు.

"సుస్మిత రాదు."

"నిన్ను ఎవలడిగిండ్రే?"

"ఎవలడగకపోయినా చెప్తున్న. నా బిడ్డ రాదు."

అతను చెయ్యి ఎత్తలేదు. నలుగురున్నారు. కానీ అతని కళ్లు ఇంటికి పోయినంక నీ సంగతి చూస్తా అన్నాయి. ఆమె రెండు చేతులూ ద్వారం రాళ్లకు ఆనించింది. సుస్మిత నాయినను చూసింది, అమ్మను చూసింది. నెమ్మదిగా సంచి దించి గోడకు ఆనించింది. నవీన్ కూడా, "జర ఆగుదాం సార్" అని గొణిగాడు.

"అందరు కలిసి దాని కొంగు చాటుకు కూసోండ్రి. నేను పోయి జీపోన్ని నిలబెడ్త" అని లింగస్వామి ఆమెను భుజంతో తోసుకుని బయటికి నడిచాడు. మంచులో పది అడుగుల్లోనే కనపడకుండా పోయాడు. నవీన్ వెంటపోబోతే పుష్పమ్మ కట్టె అడ్డం పెట్టి ఆపింది.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. గట్టు మీద ఫోన్లు పనిచెయ్యవు. నరహరి సార్ అరుగు మీద అటూ ఇటూ నడుస్తున్నాడు. సింధూజ మేడం పొయ్యి దగ్గరికొచ్చి, ఎవరినీ అడగకుండా చాయ్ పెట్టి, ముందుగా స్వరూపకే ఇచ్చింది. స్వరూప గోడకు ఆనుకుని రెండు చేతుల్లో గ్లాసు పట్టుకుంది. వేడి. చాయ్ ఇంత వేడిగా తాగి ఎన్నేళ్లైంది? ఇంట్లో అందరికీ ఇచ్చి, తనది పొయ్యి గట్టు మీద పెట్టుకుని, ఇంకేదో పని వచ్చి, వచ్చేసరికి మీగడ కట్టి చల్లారి ఉంటుంది, ఒక్క గుక్కలో మింగేస్తుంది. ఇప్పుడు గుక్క గుక్కకూ ఆగి తాగింది. తాగుతుంటే, ఆయన రాకపోతే అన్న ఆలోచన వచ్చింది. దాని వెంట రావలసిన ఏడుపు రాలేదు. ఏడుపుకు బదులు ఒక పొద్దున కనపడింది. కల్వకుర్తి ఇంట్లో, వాకిట్లో ఎండ పడుతుంటే, తువ్వాల ఏదే, సాక్సులు ఏవే, చాయ్ ఏమైందే అని ఎవరూ అరవని పొద్దున. ఆ పొద్దున ఎంత నిమ్మళంగా ఉందంటే, ఆమె అందులో కాసేపు కూర్చుంది కూడా. తర్వాత ఉలిక్కిపడింది. థూ, ఏం ఆడిదాన్ని నేను, మొగడు వాగుల పడి సస్తుంటే చాయ్ రుచి చూస్తున్న అని తనను తనే తిట్టుకుంది. గ్లాసు కింద పెట్టబోయింది. అందులో ఇంకా రెండు గుక్కలున్నాయి. తాగేసింది.

సుస్మిత వచ్చి ఎదురుగా నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. "నన్ను ఆపినవు గద అమ్మా. నాయినను ఎందుకు ఆపలే?"

"నా మాటకు ఆగేటోడైతే ఆపకపోదునా బిడ్డా?"

"గట్టిగ చెప్పాలె నువ్వు. ఎప్పుడు గట్టిగ చెప్పవు."

బిడ్డ చెప్పింది అబద్ధం కాదు. నిజమూ కాదు. లేచి మళ్లీ గట్టు అంచుకు పోయింది. పదిన్నరకు మంచు విడిపోయింది. దబ్బు దబ్బుమనే చప్పుడు అప్పటికి ఆగింది, ఒట్టి నీళ్ల హోరే ఉంది. "పోదామా అక్కా?" అన్నది. పుష్పమ్మ అప్పటికే తేనె దింపే తాడు భుజానికి వేసుకుని ఉంది.

గంట దిగినాక వాగు కనపడింది. ఎర్రని నీళ్లు, మీద చెట్ల కొమ్మలు. లింగస్వామి అడుగులు బురదలో నీళ్లదాకా పోయాయి, తిరిగి రాలేదు. పేరు పెట్టి ఎన్నడూ పిలవని మనిషిని ఏమని పిలవాలో తెలియక, స్వరూప "ఓ సుస్మిత నాయినా!" అని అరిచింది. మూడోసారి అరిస్తే కింది వైపు నుంచి సన్నగా జవాబొచ్చింది. నీళ్లకు ఇవతలే, రెండు నిలువుల లోతున, వంగిన గుండు కింద నల్లమద్ది వేరు పట్టుకుని ముడుచుకుని ఉన్నాడు. ఒక బూటు లేదు, కాలు వాచింది. పుష్పమ్మ మీద చెట్టుకు తాడు కట్టింది. స్వరూప చీర బిగించి దిగింది.

అతను ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. పండ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "వచ్చినవా స్వరూపా... సచ్చిన అనుకున్న. రాళ్లొచ్చి కాళ్లకు తాకినయి. నువ్వు చెప్తే ఇనకపోతి. నీ మాట ఇనకపోతి." చిన్నపిల్లాడిలా వెక్కాడు. ఆమె కొంగుతో అతని తల తుడిచింది, అరికాళ్లు రుద్దింది. పెళ్లయినప్పటి నుంచి అతను ఆమె పేరు ఇంత మెత్తగా పలికింది లేదు, ఆమె మాట విననందుకు బాధపడింది లేదు. పొద్దున తాగిన చాయ్ గుర్తొచ్చి ఆమె సిగ్గుపడింది. "ఏం కాలే, ఏం కాలే, నేనున్న" అన్నది. ఇక నుంచి వేరేగా ఉంటుంది అనుకుంది. చావు అంచుదాకా పోయి వచ్చినవాడు ఇక మరిచిపోడు అనుకుంది. పుష్పమ్మ మీద నుంచి లాగింది, ఆమె కింద నుంచి భుజం పెట్టి ఎత్తింది. గట్టు ఎక్కేదాకా అతని బరువంతా ఆమె భుజం మీదే ఉంది. బరువు అనిపించలేదు.

చివరి మలుపులో సత్రం కనపడింది. అరుగు మీద మనుషులు కనపడ్డారు. లింగస్వామి ఆమె భుజం మీంచి చెయ్యి తీశాడు. "గా కట్టె ఇటియ్యి" అని పుష్పమ్మ చేతిలో కట్టె తీసుకుని, దాని మీద ఆనుకుని, ఆమెకంటే రెండడుగులు ముందుగా కుంటుకుంటూ నడిచాడు.

అందరూ ఉరికొచ్చారు. సుస్మిత నాయిన నడుం పట్టుకుని ఏడ్చేసింది. "ఏమైందయ్యా?" అన్నాడు నరహరి సార్.

"ఏం కాలే సార్." గొంతు సవరించుకున్నాడు. "వాగు ఎట్లున్నదో చూసొద్దామనే పోయిన. దాటే తీరు లేదని నాకు ముందుగాలనే అనుమానం. గందుకే మిమ్ముల ఎవ్వల్ని రానియ్యలే. తిరిగొస్తుంటే కాలు జర బెణికింది. గంతల ఇది ఏడ్సుకుంట, మొత్తుకుంట ఎదురొచ్చింది. ఆడోళ్ల పాణం గద!"

పొద్దుట్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలినట్టు అందరూ నవ్వారు. నిజానికి అది అతను బతికినందుకు వచ్చిన నవ్వు. స్వరూపకు ఆ సంగతి తెలుసు. అయినా ఆ నవ్వు ఆమె ఒంటి మీదే పడింది. పుష్పమ్మ నోరు తెరవబోయి, స్వరూప మొహం చూసి ఆగింది. గుండు కింద వెక్కిన మనిషి ఏడి? వెతికినట్టు ఆమె అతని మొహం అంతా చూసింది. ఎక్కడా లేడు.

"ఏం నిలబడ్డవ్? బువ్వ పెట్టు, ఆకలైతాంది" అన్నాడతను, అరుగు మీద కూర్చుంటూ.

"నేను ఏడ్వలే" అన్నది స్వరూప.

గట్టిగా అనలేదు. కానీ నవ్వు ఆగింది.

"నువ్వు పోయినంక మూడున్నర గంటలు ఈడ కూసున్న. సచ్చిపోయినవేమో అనుకున్న. ఏడుపొస్తదేమోనని చూసిన, రాలే. చాయ్ తాగిన. వాగు తగ్గినంక వచ్చి నిన్ను గుండు కిందికెల్లి తీసుకొచ్చిన. అక్కడ ఏడ్చింది నువ్వు."

పదిమందిలో ఎప్పుడూ 'మీరు' అనే ఆమె 'నువ్వు' అన్నది. నరహరి సార్ కిందికి చూశాడు. సింధూజ మేడం గిన్నె దగ్గరికి పోయి అందరికీ అన్నం పెట్టడం మొదలుపెట్టింది. నవీన్ లేచి ప్లేట్లు అందించాడు.

మూడింటికి పుష్పమ్మ గట్టు అంచున నిలబడి హోరు విని, వాగు మోకాలి లోతుకు దిగి ఉంటదని చెప్పింది. సంచులు ఎత్తుకున్నారు. స్వరూప గోడకు ఆనుకుని కూర్చునే ఉంది.

"నేను రాను. ఈడనే ఉంట. ఎల్లుండి పుష్పమ్మక్క బియ్యానికి కిందికి పోతది, ఆమెతోని దిగుత."

"పిచ్చి లేసిందా నీకు? రేపు కాలేజి. ఇంట్ల అమ్మకు బువ్వెవలు పెడ్తరు?"

"నీ అమ్మనే గద."

నరహరి సార్ దగ్గరికొచ్చాడు. మంచిమాటే చెప్పాలనుకున్నాడు. "అమ్మా, ఏదన్నా ఉంటే ఇంటికి పోయి నిమ్మళంగ మాట్లాడుకోండ్రి."

"ఇంట్ల మాట్లాడనీకి నాకు పని ఒడ్వది, తీరిక దొర్కది సార్."

లింగస్వామి కట్టె అందుకున్నాడు. మందిలో అరవలేడు, కుంటి కాలుతో ఈడ్చుకుపోనూలేడు. "నీ ఇష్టం" అని నవీన్ భుజం పట్టుకుని కదిలాడు. అందరూ అతని వెంట దిగుతున్నారు. సుస్మిత మాత్రం కదల్లేదు. అమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. గోడకు ఆనించిన సంచి మళ్లీ దగ్గరికి లాక్కుంది.

"నేను గూడ ఉంట అమ్మా నీతోని."

ఆ మాటకు స్వరూప కడుపు నిండింది. ఉండు బిడ్డా అని నోటిదాకా వచ్చింది. గోడవతల పుష్పమ్మ కట్టెలు విరుస్తున్న చప్పుడు వినపడుతోంది.

"వద్దు. నువ్వు, నేను కలిసి ఇంకోసారి వద్దాం. ఈ రాత్రి నేనొక్కదాన్నే ఉండాలె. నువ్వు పో."

సుస్మిత తలూపి, కళ్లు తుడుచుకుని లేచింది. "ఫికర్ చెయ్యకు. ఇంట్ల అన్ని నేను చూస్కుంట. నాయనమ్మకు, నాయినకు నేను వండిపెడ్త. నువ్వు నిమ్మళంగ ఉండు."

స్వరూప బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టింది.

"అదొక్కటి చెయ్యకు. అన్నం వండుడు మీ నాయిన నేర్చుకుంటడు. లేకుంటే రెండు దినాలు రొట్టె ముక్కలు తింటడు. నువ్వు పొయ్యి కాడికి పోకు. నువ్వు వండితే, నేనిక్కడ ఉన్నట్టు గాదు బిడ్డా. నా జాగల నిన్ను కూసోబెట్టి వచ్చినట్టు."